తండ్రి నిజంగా ఆ మాట అన్నాడా? (ఆదికాండము 50:15–21)

నిదానపు చదువరి (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన నెల మా మేనమామగారి జ్ఞాపకార్థ కూడికలో ఆదికాండము 50వ అధ్యాయం చదివారు. ప్రసంగమంతా క్షమాపణ మీదే సాగింది, బాగుంది కూడా. నా మనసు మాత్రం పదహారో వచనం దాటి కదలలేదు. ఆ సందేహాన్నే ఇక్కడ పెడుతున్నాను.

యాకోబు ఐగుప్తులో కన్నుమూశాడు. కొడుకులు ఆయన్ని కనానుకు తీసుకుపోయి మక్పేలా గుహలో పాతిపెట్టి తిరిగి వచ్చారు. అప్పుడు, కుర్రతనంలో యోసేపును గుంటలో పడవేసి బానిసగా అమ్మేసిన అతని అన్నలకు భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ నాన్న ముఖం చూసి ఊరుకున్నాడేమో, ఇక మనం చేసిన కీడుకు బదులు తీర్చుకుంటాడేమో అనుకున్నారు. అనుకుని, తామే ఎదురుగా వెళ్లకుండా ముందు ఒక వర్తమానం పంపారు. నీ అన్నల అపరాధాన్ని క్షమించమని నీతో చెప్పవలసిందిగా నీ తండ్రి చనిపోకముందు ఆజ్ఞాపించాడన్నది దాని సారాంశం.

యాకోబు ఆ మాట అన్నట్టు అంతకు ముందు ఎక్కడా లేదు. ఆయన చివరి రోజుల గురించి గ్రంథం చాలా వివరంగానే చెబుతుంది. 47వ అధ్యాయంలో తన సమాధి గురించి యోసేపు చేత ప్రమాణం చేయించుకున్నాడు, 48లో మనవళ్లిద్దరినీ దీవించాడు, 49లో పన్నెండుమందినీ మంచం చుట్టూ పిలిచి ఒక్కొక్కరికీ చెప్పవలసింది చెప్పాడు. యోసేపుతో ఏకాంతంగా మాట్లాడే అవకాశం అన్నిసార్లు ఉన్న తండ్రి, ఇంత ముఖ్యమైన మాటను తప్పుచేసినవాళ్ల చేతికే ఎందుకు అప్పగిస్తాడు? వాళ్లు కల్పించారనుకుంటే ఇంకో ప్రశ్న. యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. ఆ 17 ఏళ్లూ వాళ్లు గోషెనులో యోసేపు పెట్టిన తిండే తిన్నారు. అయినా అతన్ని నమ్మలేకపోయారా?

పాత దస్తావేజు

నలభై ఏళ్లు సివిల్ కోర్టుల్లో గడిపినవాణ్ని కాబట్టి నా దృష్టి ముందు సాక్ష్యం మీదికే పోతుంది. భాగపంపకాల దావాల్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్న వాక్యం ఇది: “నాన్నగారు పోయేముందు నాతో అన్నారండీ.” అన్న మనిషి లేడు. విన్నానంటున్న మనిషికి ఆ మాట వల్ల లాభం ఉంది. మూడో మనిషి ఎవరూ వినలేదు. అటువంటి మాట అబద్ధమే అయి ఉండాలని లేదు గానీ, దాన్ని పట్టుకుని తీర్పు రాయడానికి ఏ న్యాయమూర్తీ ముందుకు రాడు.

ఈ వర్తమానంలో నన్ను ఆపింది మరొకటి. వాళ్లు “మన నాన్న” అనలేదు, “నీ తండ్రి” అన్నారు. ఆ తరువాతి వాక్యంలో తమను తాము “నీ తండ్రి దేవుని దాసులం” అని చెప్పుకున్నారు. ఒకే తండ్రి కొడుకులు తమ్ముడితో మాట్లాడే తీరు కాదిది. 37వ అధ్యాయంలో యోసేపును అమ్మేసి, అతని అంగీని రక్తంలో ముంచి యాకోబుకు పంపినప్పుడు కూడా ఇదే వరస: “ఇది నీ కుమారుని అంగీ అవునో కాదో” చూడమన్నారు తప్ప మా తమ్ముడి అంగీ అనలేదు. చుట్టరికాన్ని ఎదుటివాడి ఒళ్లో పెట్టి తాము పక్కకు తప్పుకునే భాష అది. ఆ రోజూ అంగీని ముందు పంపారు, ఈ రోజూ కబురు ముందు పంపారు.

సండే స్కూలు టీచరు

అయ్యా, మీ వాదం చదివి కొంచెం బాధ కలిగింది. గ్రంథంలో రాయనిదంతా జరగలేదని ఎలా అనగలం? ఇదే కథలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. 37వ అధ్యాయంలో యోసేపును గుంటలో పడవేసినప్పుడు అతడు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. 42వ అధ్యాయంలో అన్నలు తమలో తాము మాట్లాడుకుంటూ, తమ్ముడు బతిమాలుకున్నప్పుడు అతని వేదన చూసి కూడా మనం వినలేదు అంటారు. అంటే అతడు గుంటలోంచి ఏడుస్తూ వేడుకున్నాడన్నమాట. మనకు తెలిసింది మాత్రం ఇరవై ఏళ్ల తరువాత, తప్పుచేసినవాళ్ల నోటనే. అక్కడ వాళ్ల మాట నమ్మి, ఇక్కడ వాళ్ల మాట నమ్మనంటే ఏం న్యాయం?

పాత దస్తావేజు

టీచరుగారూ, ఒప్పుకుంటున్నాను, మంచి దెబ్బ కొట్టారు. ఒక్క తేడా మాత్రం ఉంది. 42వ అధ్యాయంలో వాళ్లు చెప్పుకున్నది తమకు వ్యతిరేకమైన సంగతి. ఎదుట ఉన్న ఐగుప్తు అధిపతి యోసేపేనని తెలియక, అతనికి తమ భాష రాదనుకుని, మధ్యలో దుభాషి ఉన్నాడన్న ధైర్యంతో, ఎవరూ వినడంలేదనుకుని చెప్పుకున్నది. తనకు నష్టం తెచ్చే మాటను మనిషి ఊరికే కల్పించడు. 50వ అధ్యాయంలోది తమ ప్రాణం కాపాడుకునే మాట. రెండింటినీ ఒకే తక్కెడలో వేయలేం.

హీబ్రూ విద్యార్థిని

ఈ ప్రశ్న యూదుల వ్యాఖ్యాతలు వందల ఏళ్లుగా అడుగుతున్నదే. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషి ఈ వచనం దగ్గర సూటిగానే రాశాడు: సమాధానం కోసం వాళ్లు మాట మార్చారు, యాకోబు అలా ఆజ్ఞాపించలేదు, ఎందుకంటే యోసేపు ఆయన దృష్టిలో అనుమానించదగినవాడు కాడు. దీనికి మూలం తల్ముదులోని (యూదు రబ్బీల, అంటే ధర్మబోధకుల, పాత చర్చల సంపుటి) యెబామోత్ భాగంలో ఉంది. సమాధానం కోసం మాట మార్చవచ్చునని అక్కడ ఒక రబ్బీ ఈ వచనాన్నే ఆధారంగా చూపిస్తాడు. రబ్బీ ఇష్మాయేలు పాఠశాలవారు మరో అడుగు ముందుకు వేసి, సమాధానం ఎంత గొప్పదంటే దేవుడు కూడా దానికోసం మాట మార్చాడు అంటారు.

13వ శతాబ్దపు రాంబాన్ మాట నాకు ఇంకా బరువుగా అనిపిస్తుంది. ఆయన 45వ అధ్యాయం చివర ఆగి, యోసేపును అమ్మింది అన్నలేనని యాకోబుకు జీవితాంతం ఎవరూ చెప్పలేదని అంటాడు. పొలంలో దారి తప్పిన కుర్రవాణ్ని ఎవరో పట్టుకుని ఐగుప్తుకు అమ్మేశారనే ఆయన అనుకుని ఉంటాడట. అన్నలు శాపానికి భయపడి చెప్పలేదు, యోసేపు మంచితనంతో చెప్పలేదు. దీనికి రాంబాన్ చూపించే ఆధారం మనం మాట్లాడుకుంటున్న ఈ వర్తమానమే. తండ్రికి నిజం తెలిసి ఉంటే, ఆయన బతికుండగానే కాళ్లమీద పడి యోసేపుకు చెప్పించుకునేవాళ్లు. ప్రాణం మీదికి వచ్చాక మాట కల్పించుకునే అవసరం ఉండేది కాదు. 49వ అధ్యాయంలో షిమ్యోను, లేవీల కోపాన్ని శపించిన తండ్రి యోసేపు విషయంలో వాళ్లను పల్లెత్తు మాట అనకపోవడం కూడా దీనికి పొసుగుతుంది.

నాలుగో వాడు

దేవుడు మాట మార్చడమేమిటి? ఎక్కడ?

హీబ్రూ విద్యార్థిని

18వ అధ్యాయంలో. శారా తనలో తాను నవ్వుకుంటూ, నేను వాడిపోయాను, నా భర్త ముసలివాడు అంటుంది. దేవుడు అబ్రాహాముతో చెప్పేటప్పుడు, శారా తానే ముసలిదాన్నని నవ్విందని మాత్రమే చెబుతాడు. భర్త గురించి ఆమె అన్న ముక్క అబ్రాహాము దాకా రాలేదు. కాపురాలు నిలబెట్టిన పెద్దవాళ్లకు ఈ విద్య కొత్త కాదు.

నాలుగో వాడు

సరే. నేను క్రైస్తవుణ్ని కాను. ఆదికాండాన్ని కథగా చదివినవాణ్ని కాబట్టి తప్పుగా అంటే దిద్దండి. మీరంతా అన్నల అబద్ధం మీదే పడ్డారు గానీ, వాళ్లకు యోసేపు మీద నమ్మకం కుదరకపోవడానికి కారణం యోసేపే కాదా?

పదిహేడేళ్ల వయసులో అమ్ముడుపోయాడు, ముప్పయ్యో ఏట ఫరో ముందు నిలబడ్డాడు, ఏడు పంటల సంవత్సరాలు, రెండు కరువు సంవత్సరాలు గడిచాక అన్నలకు తానెవరో చెప్పాడు. మొత్తం 22 ఏళ్లు. మొదటి పదమూడేళ్లూ బానిసగానూ ఖైదీగానూ ఉన్నాడు, అవి వదిలేద్దాం. మిగిలిన తొమ్మిదేళ్లు ఫరో తరువాతివాడు, బండ్లూ మనుషులూ చేతికింద ఉన్నవాడు. ధాన్యం మోసే గాడిదలు కనానుకు పోయి వస్తున్న దారిలో ఒక్క కబురు పంపలేడా? పెద్దకొడుక్కి మనష్షే అని పేరు పెట్టి, దేవుడు నా తండ్రి ఇంటిని మరిపించాడు అన్నాడు. తీరా అన్నలు వస్తే, గుర్తుపట్టి కూడా పరాయివాడిలా నటించాడు, వేగులవాళ్లన్నాడు, షిమ్యోనును కట్టించాడు, సంచుల్లో వెండి పెట్టించాడు, బెన్యామీను గోనెలో గిన్నె దాచి దొంగను చేశాడు. ఇంత నాటకం ఆడగలిగినవాడు ప్రేమగా మాట్లాడితే, అది నాటకంలో చివరి అంకం కాదని వాళ్లకేం తెలుసు?

సండే స్కూలు టీచరు

పరీక్షించాడు బాబూ, పగ తీర్చుకోలేదు. రాహేలు కొడుకుల్లో మిగిలిన ఒక్కడిని కూడా వాళ్లు వదిలేసి పోతారా, నిలబడతారా అని చూశాడు. యూదా నిలబడ్డాడు.

నిదానపు చదువరి

పరీక్ష సంగతి ఒప్పుకుంటాను టీచరుగారూ. ఆ తొమ్మిదేళ్ల మౌనానికి మాత్రం పరీక్ష సమాధానం కాదు. శిక్ష పడింది తండ్రికి కదా. అన్నలకు కాదు.

హీబ్రూ విద్యార్థిని

ఈ మౌనం గురించి రాంబానే మొదట గట్టిగా అడిగాడు. ఆయన జవాబు: ఇంటివాళ్లంతా తనకు వంగినట్టు కుర్రతనంలో కన్న కలలు నెరవేరాలని యోసేపు చూశాడు. పదకొండుమంది వచ్చి వంగాలి, ఆ తరువాత తండ్రి రావాలి. అందుకే ముందు బెన్యామీనును రప్పించే ఏర్పాటు చేశాడు, కబురు పంపలేదు. 15వ శతాబ్దంలో ఇత్సాక్ అరామా దీన్ని ఒప్పుకోలేదు. కలలు ఇచ్చినవాడే వాటిని నెరవేర్చుకుంటాడు గదా, దానికోసం కొడుకు తండ్రిని ఏడిపించాలా అన్నది ఆయన అభ్యంతరం.

1980ల దశకంలో ఇజ్రాయెలులో రబ్బీ యోయెల్ బిన్-నూన్ దీనికి పూర్తిగా వేరే జవాబు చెప్పాడు. యోసేపు వైపు నుంచి చూడమన్నాడు. అన్నలు అంగీని రక్తంలో ముంచారని, తండ్రి దాన్ని చూసి గోనెపట్ట కట్టుకున్నాడని యోసేపుకు తెలియదు. అతనికి తెలిసింది ఇంతే: తన రెండో కలకు తండ్రి గద్దించాడు, ఆ తరువాత అన్నలు తనను ద్వేషిస్తున్నారని తెలిసీ ఒంటరిగా వాళ్ల దగ్గరికి పంపాడు, వెళ్తే వాళ్లు పట్టి అమ్మేశారు, ఆ తరువాత వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అప్పుడు అతని మనసులో ఏ అనుమానం పుడుతుంది? నాన్నే పంపించేశాడేమో! అబ్రాహాము ఇంట్లోంచి ఇష్మాయేలు వెళ్లిపోయాడు, ఇస్సాకు ఇంట్లోంచి ఏశావు వెళ్లిపోయాడు. ఈ తరంలో బయటికి పోవలసినవాణ్ని నేనేనేమో! తరువాత 44వ అధ్యాయంలో యూదా మాట్లాడుతూ తండ్రి మాటలు అప్పజెబుతాడు: ఒకడు నా దగ్గరనుంచి వెళ్లిపోయాడు, నిశ్చయంగా చీల్చబడ్డాడు అనుకున్నాను, నేటివరకూ కనబడలేదు. తండ్రి తనను చచ్చిపోయాడనుకున్నాడని యోసేపు వినడం అదే మొదటిసారి. ఆ ప్రసంగం ముగియగానే అతడు తనను అణచుకోలేక ఐగుప్తీయులందరినీ బయటికి పంపి గట్టిగా ఏడ్చాడు. బిన్-నూన్ దృష్టిలో, ఆ క్షణంలో విరిగింది అన్నల మీది కోపం కాదు, తండ్రి మీది అనుమానం.

పాత దస్తావేజు

చదువుతుంటే ఒళ్లు జలదరించింది, నిజమే. నమ్మడానికి మాత్రం అడ్డం వచ్చేవి ఉన్నాయి. అన్నలు రెండోసారి వచ్చినప్పుడు యోసేపు అడిగిన మొదటి మాట, మీరు చెప్పిన ఆ ముసలి తండ్రి క్షేమమా, ఇంకా బతికి ఉన్నాడా అని. తనను వదిలించుకున్నాడని పదమూడేళ్లు చెరలో కుమిలినవాడి ప్రశ్నలా లేదది. చెరసాలలో పానదాయకుడితో తన కథ చెప్పేటప్పుడు హెబ్రీయుల దేశంలోంచి నన్ను దొంగిలించారు అన్నాడు. అన్నల పేరు ఎత్తలేదు, తండ్రి పేరు ఎత్తలేదు. దొంగిలించారనే మాటలో, నన్ను పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడన్న ఎరుక ఉంది. ఇంటివాళ్లే ఇచ్చేస్తే దాన్ని దొంగతనం అనం కదా.

హీబ్రూ విద్యార్థిని

ఇజ్రాయెలులోనే రబ్బీ యాకోవ్ మెదాన్ కూడా బిన్-నూన్‌తో విభేదించి రాశాడు, కాబట్టి మీరు మంచి తోడుతోనే ఉన్నారు. మీరు అన్న “దొంగిలించారు” అనే మాటను నేను మరోలా చదువుతాను. పరాయి దేశంలో, చెరసాలలో కూడా ఇంటిగుట్టు బయటపెట్టని మనిషి మాట అది. వ్యాఖ్యానంగా బిన్-నూన్ గెలవకపోయినా, ఒక విషయంలో ఆయన నా కళ్లు తెరిపించాడు. అన్నలు ఏం చేశారో పాఠకుడికి తెలుసు గనుక యోసేపుకూ తెలుసని అనుకుంటాం. తెలియదు. ఈ ఇంట్లో ఎవరి దగ్గరా పూర్తి కథ లేదు.

సండే స్కూలు టీచరు

నాకొక సందేహం. 50:15లో, తమ తండ్రి చనిపోయాడని అన్నలు “చూచి” భయపడ్డారని ఉంది. పాతిపెట్టి తిరిగివచ్చాక కొత్తగా చూడడమేమిటి?

హీబ్రూ విద్యార్థిని

అద్భుతమైన ప్రశ్న. మిద్రాష్‌లో (బైబిలు మీద పాతకాలపు వ్యాఖ్యాన కథల్లో) రబ్బీలు సరిగ్గా ఇదే అడిగారు: ఏం చూశారు? ఆదికాండము మీది మిద్రాష్ అయిన బెరేషిత్ రబ్బాలో రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి భోజనం. తండ్రి ఉన్నంతకాలం యోసేపు అన్నలను తన పంక్తిలో కూర్చోబెట్టుకునేవాడు. తండ్రి పోయాక పిలవడం మానేశాడు. అన్నలు దాన్ని పగ అనుకున్నారు. యోసేపు మనసులో ఉన్నది వేరట: నాన్న ఉండగా ఆయన మాట మీద రూబేను కంటే, యూదా కంటే పైన కూర్చున్నాను, ఇప్పుడు అలా కూర్చోవడం నాకు తగదు, వాళ్లను కింద కూర్చోబెట్టడమూ తగదు. రెండోది గుంట. సమాధి చేసి తిరిగి వస్తూ దారిలో యోసేపు తనను పడవేసిన ఆ గుంట దగ్గర ఆగి లోపలికి తొంగి చూశాడట. అక్కడ తనకు జరిగిన అద్భుతానికి స్తోత్రం చెప్పడానికే ఆగాడని తంహూమా అనే మరో మిద్రాష్ అంటుంది. దూరంగా నిలబడి చూసిన అన్నలకు ఆ స్తోత్రం వినబడలేదు. గుంటలోకి వంగిన వీపు మాత్రం కనబడింది.

సండే స్కూలు టీచరు

భోజనం మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మా అత్తగారు పోయాక మా మరిది ఆదివారం భోజనానికి రావడం మానేశాడు. ఇంటి వాటా విషయంలో మనసులో ఏదో పెట్టుకున్నాడని మేమంతా రెండేళ్లు అనుకున్నాం. ఆమె కూర్చునే పీట అలాగే గోడవారన ఉండేది, దాన్ని చూడలేక రాలేదని వాళ్లావిడ తరువాత చెప్పింది. అతడు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు అన్నలు అబద్ధం చెప్పారని ఒప్పుకోవడానికి నాకు అంత కష్టంగా లేదు.

నాలుగో వాడు

మరి యాకోబు? ఆయనకు నిజంగా ఏమీ తెలియదా? బెన్యామీనును వాళ్లతో పంపడానికి అంత భయపడ్డాడేం?

నిదానపు చదువరి

ఇది నేనూ వెతికాను. 42:36లో యాకోబు కొడుకులతో, మీరు నన్ను పుత్రహీనుణ్ని చేస్తున్నారు, యోసేపు లేడు, షిమ్యోను లేడు అంటాడు. “మీరు” అన్నాడు! రాషి అక్కడ పట్టుకుని, షిమ్యోనును చంపారో, యోసేపులా అమ్మేశారో అని ఆయన వాళ్లను అనుమానించాడని ఈ మాట తెలియజేస్తుంది అంటాడు. రాంబాన్ చెప్పినట్టు ఎవరూ చెప్పకపోయి ఉండవచ్చు. చెప్పకపోతే తెలియదని ఎందుకు అనుకోవాలి? అంగీ మీద రక్తం ఉంది, చిరుగులు లేవన్న సంగతి గొర్రెలు కాసి బతికిన మనిషి కళ్లకు కనబడదా? (చిరుగులు లేవని గ్రంథంలో లేదు; ఇది నా ఊహ. దస్తావేజుగారు పట్టుకోకముందే చెప్పేస్తున్నాను.)

పాత దస్తావేజు

పట్టుకునేవాణ్నే. కానీ మీ ఊహ అవసరం లేకుండానే యాకోబుకు అనుమానించే హక్కు ఉంది. ఆయన స్వయంగా మేకపిల్లల చర్మం చేతులకు చుట్టుకుని గుడ్డివాడైన తండ్రిని మోసం చేసినవాడు. ఆయన కొడుకులు మేకపిల్ల రక్తంతో ఆయన్ని మోసం చేశారు. యజమాని కొత్త కాగితం చూసి తన పాత సంతకం గుర్తుపట్టినట్టు ఉంటుంది.

హీబ్రూ విద్యార్థిని

ఆ సంతకం హీబ్రూలో అక్షరాలా కనబడుతుంది. 27వ అధ్యాయంలో ఇస్సాకు చేతులు తడిమి కూడా యాకోబును గుర్తుపట్టలేదు. 37లో అంగీని గుర్తుపట్టమని కొడుకులు యాకోబుకు పంపారు. 38లో తామారు, మామగారైన యూదాకు అతని ముద్రా దారమూ కర్రా పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టమంది. తండ్రికి పంపిన అదే రెండు మాటలు, “హక్కెర్ నా”, కొడుక్కి తిరిగి వచ్చాయి. అక్కడా మధ్యలో ఒక మేకపిల్ల బేరం ఉండనే ఉంది. 42లో యోసేపు అన్నలను గుర్తుపట్టాడు, వాళ్లు గుర్తుపట్టలేదు. ఈ నాలుగుచోట్లా ఒకే ధాతువు. చివరిచోట ఇంకో విశేషం ఉంది: “గుర్తుపట్టాడు”, “పరాయివాడిలా నటించాడు” అన్న రెండు క్రియలకూ అవే మూడు అక్షరాలు మూలం. మన తెలుగు బైబిలు “అన్యునివలె కనబడి” అని అర్థం సరిగ్గానే ఇచ్చింది గానీ, ఆ ధ్వని తెలుగులోకి రాలేదు, రాదు కూడా. (పదార్థాల విషయంలోనైతే మన అనువాదకులు స్వేచ్ఛ తీసుకున్నారు. ఏశావు జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నది పప్పుకూరకైతే, మన బైబిలులో అది చిక్కుడుకాయల వంటకమైంది.)

నాలుగో వాడు

దావీదు ఇంట్లోనూ ఇదే కదా? అమ్నోను జబ్బు నటించి చెల్లెలు తామారును (యూదా కోడలు కాదు, వేరే తామారు) పిలిపించుకోవడం, అబ్షాలోము రెండేళ్లు మంచీ చెడ్డా ఏమీ అనకుండా ఉండి గొర్రెబొచ్చు కత్తిరించే విందుకు పిలిచి అమ్నోనును చంపించడం. యోసేపు అంగీకి హీబ్రూలో వాడిన పేరు మళ్లీ కనబడేది ఆ తామారు ఒంటిమీదేనని ఎక్కడో చదివాను.

హీబ్రూ విద్యార్థిని

నిజమే, “కెతోనెత్ పస్సీమ్” ఈ రెండు కథల్లోనే వస్తుంది. ఆమె చించుకున్నది ఆ వస్త్రాన్నే. అది వేరే చర్చగా మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను. ఇక్కడ పెడితే ఈ వర్తమానం మరుగున పడుతుంది.

నిదానపు చదువరి

నిన్న రాత్రి 37 నుంచి 50 దాకా ఒక్క పని కోసం మళ్లీ చదివాను: అన్నలు యోసేపుతో ఏమేం మాట్లాడారో మాత్రమే చూసుకుంటూ.

37:4లో అతనితో సమాధానంగా మాట్లాడలేకపోయారని ఉంది. కథ అక్కడ మొదలవుతుంది. ఐగుప్తులో వాళ్లు చాలా మాట్లాడారు, కానీ అది అధిపతితో, అతడు తమ్ముడని తెలియక. 45:3లో నేను యోసేపును అన్నాక జవాబు చెప్పలేకపోయారు. అతడు అందరినీ కౌగిలించుకుని ఏడ్చాక, 45:15లో, తరువాత అతని సహోదరులు అతనితో మాట్లాడారు అని ఉంది. ఏం మాట్లాడారు? ఒక్క ముక్క లేదు. ఆ తరువాత ఫరోతో మాట్లాడారు, అదీ యోసేపు నేర్పిన మాటలు. అంటే అతడు తమ్ముడని తెలిశాక వాళ్లు అతనితో అన్న మాటల్లో గ్రంథం మనకు వినిపించే మొట్టమొదటి మాట, 17 ఏళ్ల తరువాత, తండ్రి పేరు మీద పంపిన ఈ కబురే.

ఆ 17 ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పయింది తమ్ముడూ అని వాళ్లు నోరు తెరిచి అనలేదో, అన్నా గ్రంథం రాయలేదో చెప్పలేను. టీచరుగారు మొదట్లోనే నన్ను హెచ్చరించారు. కానీ ఈ కబురులో తండ్రి మాట అయిపోయాక, “ఇప్పుడు మా అపరాధము క్షమించుము” అన్నట్టుగా తమ మాట ఒకటి కలిపారు. ఆ రెండో సగం కోసం మొదటి సగం కావలసి వచ్చిందేమో. సొంత నోటితో అడగడానికి చచ్చిపోయిన మనిషిని తోడు తెచ్చుకున్నారు.

పాత దస్తావేజు

ఇది నాకు తట్టలేదు. 44లో యూదా మాట్లాడినప్పుడు “మా తండ్రి” అన్నాడు, “మా తమ్ముడు” అన్నాడు, బెన్యామీను కోసం తానే పూచీ పడ్డాడు. ఎదురుగా ఉన్నది పరాయివాడనుకున్నప్పుడు అంత నిండుగా మాట్లాడగలిగిన మనిషి, తమ్ముడని తెలిశాక “నీ తండ్రి” అంటున్న గుంపులో కలిసిపోయాడు.

సండే స్కూలు టీచరు

ఆ మాట వినగానే యోసేపు ఏడ్చాడు. అబద్ధమని తెలిసే ఏడ్చాడా?

హీబ్రూ విద్యార్థిని

తెలిసే ఉంటుందని నా అభిప్రాయం. అయినా నాన్న అలా అనలేదని అతడు అనలేదు. క్షమించాను అని కూడా అనలేదు, గమనించారా? అడిగింది క్షమాపణ, జవాబుగా వచ్చింది, భయపడవద్దు, నేను దేవుని స్థానంలో ఉన్నానా అని. ఇదే మాట యాకోబు ఒకసారి అన్నాడు: పిల్లలు కావాలని ఏడ్చిన రాహేలు మీద కోపగించుకుని, నేను దేవుని స్థానంలో ఉన్నానా అన్నాడు. తల్లిని గాయపరచిన మాటతో కొడుకు అన్నలను ఓదార్చాడు. ఇందులో క్షమాపణ ఉందని మన ప్రసంగాలు చెబుతాయి. తీర్పు చెప్పే పీఠం మీదినుంచి దిగిపోవడం వరకు నాకు కనబడుతుంది. మీరు నాకు కీడు తలపెట్టారు అన్న వాక్యాన్ని అతడు మెత్తబరచకుండానే ఉంచాడు. ఆ తరువాతే దేవుడు దాన్ని మేలుకు తలపెట్టాడన్నాడు.

పాత దస్తావేజు

చివరగా ఒక్కటి. అదే అధ్యాయం చివర, 110 ఏళ్ల వయసులో, తన ఎముకలను ఇక్కడినుంచి తీసుకుపోవాలని యోసేపు ప్రమాణం చేయించుకున్నాడు. తన కొడుకులతో కాదు, ఇశ్రాయేలు కుమారులతో. ఆయన వాళ్లను నమ్మినట్టా, నమ్మక ప్రమాణం అడిగినట్టా?

హీబ్రూ విద్యార్థిని

రెండూ అయి ఉండవచ్చు. మోషే ఆ ఎముకలను ఐగుప్తులోంచి తీసుకువచ్చాడు. యెహోషువ 24:32 ప్రకారం వాటిని పాతిపెట్టింది మక్పేలాలో కాదు, షెకెములో. యాకోబు ఆ రోజు, నీ అన్నలు క్షేమంగా ఉన్నారేమో చూసి రా అని యోసేపును పంపిన చోటు అదే.